పెట్టె మీద లేని నంబరు

తమిళనాడు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,

మదురై జిల్లా వాడిపట్టి నుంచి రాస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల పల్లెల్లో గ్రామ ఆరోగ్య నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీ శాఖ ఇచ్చిన జీతంతో పిల్లల్ని చదివించుకున్నాను, మీ శాఖ ఇచ్చే పింఛనుతో బతుకుతున్నాను. అందుకని ఇది ఇంటిమనిషి చెప్పే మాటగా వినండి. నా బడి చదువంతా తమిళం. తెలుగు అక్షరాలు మాత్రం మా నాన్న సాయంత్రంపూట వాకిట్లో ఇసుక పోసి దిద్దించాడు. తమిళంలో రాయడం నాకు తేలికే, అయినా తెలుగులో రాస్తున్నాను. నేను చెప్పబోయే సంగతి మా ఇంట్లో తెలుగులోనే జరిగింది.

కిందటి దీపావళికి మా తమ్ముడి కొడుకు కోయంబత్తూరు నుంచి వచ్చాడు. అక్కడ ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటాడు. పొద్దున్నే గది ఊడుస్తుంటే ప్లగ్గులో ఏదో చార్జి అవుతూ కనిపించింది. స్కెచ్ పెన్నంత పొడుగు, ఊదా రంగు. గదంతా మామిడిపండు వాసన. దీపావళి నాళ్ళలో మామిడిపండు ఎక్కడిదా అనుకున్నాను. వాణ్ణి లేపి అడిగితే "పొగ కాదత్తా, ఉత్త ఆవిరి" అన్నాడు. ఇల్లిల్లూ తిరిగి దగ్గేవాళ్ళ కఫం డబ్బాల్లో పట్టి టీబీ పరీక్షకు పంపినదాన్ని నేను. ఆ ఆవిరిలో ఉన్నది నికోటిన్ అని, వాడి తాత నోట్లో పెట్టుకున్న పొగాకులో ఉన్నదీ అదేనని చెబితే వాడు నమ్మలేదు. వాడికి ఇరవై ఏళ్ళు. సిగరెట్టు ఒక్కటి కూడా తాగి ఎరగడు. నేరుగా దీనితోనే మొదలుపెట్టాడు. ఎక్కడ దొరికింది అంటే, ఫోన్లో ఒక గ్రూపులో అడిగితే బండి మీద తెచ్చి గేటు దగ్గర చేతికిస్తారట.

నా పోరు పడలేక మానేస్తానన్నాడు. హాస్టలుకు వెళ్ళాక నిజంగానే మానాడు. మూడో రాత్రి రెండు గంటలప్పుడు ఫోన్ వచ్చింది. "అత్తా, తల పగిలిపోతోంది. నిద్ర పట్టడం లేదు. పక్కవాడు ఊపిరి తీసుకున్నా కొట్టాలనిపిస్తోంది." పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్ళు, ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. "చెబితే పోలీసు కేసవుతుంది. కాలేజీలోంచి తీసేస్తారు" అన్నాడు. నాలుగో రోజు మళ్ళీ ఆ పెన్ను పట్టుకున్నాడు.

మంత్రిగారూ, ఆసుపత్రికి వెళ్ళడానికి వాడు భయపడ్డ ఆ రాత్రే నేను ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ పెన్ను ఇ-సిగరెట్టు, పిల్లలు వేప్ అంటారు. ఈ రాష్ట్రం ఇ-సిగరెట్లను 2018 సెప్టెంబరులోనే నిషేధించింది. కేంద్రం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. తయారుచేసినా, దిగుమతి చేసినా, అమ్మినా, పంచినా, ప్రకటన వేసినా మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. సరుకు నిలవ ఉంచితే ఆరు నెలల దాకా జైలు లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. నేను ఈ నిషేధాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. గల్లీ గల్లీలో మామిడిపండు వాసనతో నికోటిన్ అమ్ముతుంటే చూస్తూ ఊరుకోవాలా? కానీ ఆ చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివించుకుని విన్నాను. తాగేవాడికి ఇంత శిక్ష అన్న మాట అందులో ఎక్కడా లేదు. అది అమ్మేవాళ్ళ మీద పెట్టిన చట్టం. ఆ సంగతి మా పిల్లవాడికి తెలియదు, వాడి హాస్టల్లో ఎవరికీ తెలియదు, వాళ్ళ వార్డెనుకూ తెలియదు. గోడ మీద అంటించిన కాగితంలో నిషేధం, జైలు, జరిమానా అన్న మూడు మాటలే ఉన్నాయి. మానాలనుకునేవాడు ఎక్కడికి పోవాలో ఆ కాగితంలో లేదు. అమ్మేవాడికి వేసిన వల కొనేవాడి కాళ్ళకే తగులుకుంది.

ఇంకో సంగతి నాకు ఆ తర్వాత తట్టింది. మన దేశంలో పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం డబ్బు పడని ఫోన్ నంబరు ఒకటి ఉంది. ఢిల్లీలోని వల్లభ్‌భాయి పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016లో పెట్టారు. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్లకూ విస్తరించి దక్షిణాది భాషల్లో మాట్లాడే ఏర్పాటు చేశారు. 2018 సెప్టెంబరు 1 నుంచి ఆ నంబరును సిగరెట్టు, బీడీ, పొగాకు పెట్టెల మీద పుండు పడ్డ బొమ్మ పక్కనే అచ్చు వేయించారు. చాలా మంచి పని. పెట్టె తెరిచిన ప్రతిసారీ మానే దారి కళ్ళబడుతుంది. కానీ దొంగచాటున వచ్చే వేప్ డబ్బా మీద మన దేశపు హెచ్చరిక ఏముంటుంది? బొమ్మా ఉండదు, నంబరూ ఉండదు. ఉండేది మామిడిపండు బొమ్మ. అంటే బీడీ తాగే ముసలాయన చేతిలో ఆ నంబరు రోజూ ఉంటుంది, వేప్ పీల్చే ఇరవై ఏళ్ళవాడు జన్మలో ఒక్కసారీ దాన్ని చూడడు. నిషేధించిన సరుకుకు అలవాటుపడ్డవాడికి ఆ నంబరు చేరాలంటే అది పెట్టె మీద కాక వేరే చోట కనబడాలి. ఆ చోటు వెతికే పని ఎవరూ మీద వేసుకోలేదు. మీరు వేసుకోండి అని అడుగుతున్నాను.

వేప్ అనేది పట్నం పిల్లల గొడవ, వాడిపట్టికి ఏం పని అని మీ ఆఫీసులో ఎవరైనా అనవచ్చు. మా ఊరికి వస్తే ఇదే నికోటిన్ వేరే వేషంలో కనిపిస్తుంది. కూల్ లిప్ అంటారు. టీ పొట్లం కంటే చిన్న సంచి, పుదీనా చల్లదనం, కింది పెదవి వెనక దాచుకుంటే పొగ లేదు, ఉమ్మి లేదు, టీచరుకు తెలియదు. రాష్ట్రంలో దీని అమ్మకం మీద నిషేధం ఉంది. అయినా పెట్టికడ, అంటే చిల్లరకొట్టు, వెనక చేతికి దొరుకుతుంది. 2024 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు మన మదురై ధర్మాసనమే బడిపిల్లలు దీనికి బానిసలవుతున్నారని బాధపడి, దేశమంతటా ఎందుకు నిషేధించకూడదని అడిగింది. నేను ఉద్యోగంలో ఉన్న చివరి ఏళ్ళలో ఒక బడికి ఆరోగ్య పరీక్షలకు వెళ్ళాను. తొమ్మిదో తరగతి పిల్లవాడి కింది పెదవి తిప్పి చూస్తే చిగురు తెల్లగా ముడతలు పడి ఉంది. నోరు తెరవమని మూడు వేళ్ళు నిలువుగా పెట్టుకోమన్నాను. రెండే పట్టాయి. అది నలభై ఏళ్ళు పొగాకు నమిలినవాళ్ళలో చూసే నోరు. ఆ పిల్లవాడిని అప్పటికే బడిలో రెండుసార్లు కొట్టారు, ఒకసారి ఇంటికి పంపేశారు. అలవాటు ఎలా మానాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక్కడి మట్టికీ పొగాకుకూ ఉన్న చుట్టరికం మీకు కొత్తగా చెప్పక్కరలేదు. మాకు ఉత్తరాన దిండిగల్లు. ఆ ఊరి చుట్టలు ఒకప్పుడు ఓడలెక్కి సీమకు వెళ్ళాయి. తెలుగునాట రాజమండ్రిలో 1947లో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, నమిలే పొగాకు కోసం దిండిగల్లు దాటాక వేడసందూరులో ఒక పరిశోధన కేంద్రాన్ని నడిపింది. మాకు దక్షిణాన షోళవందాన్, 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తమలపాకు ఊరు. ఆకు ఒకవైపు, పొగాకు ఒకవైపు, నడుమ మేము. మా నాన్న కొడిక్కాల్లో, అంటే తమలపాకు తోటలో పనిచేశాడు. పొద్దున ఆరుకి నోట్లో పెట్టిన తాంబూలం రాత్రి పడుకునే ముందు ఉమ్మేవాడు. అందులో వక్క, సున్నం, చిటికెడు పొగాకు. అరవై రెండేళ్ళకు దవడలో గడ్డ లేచింది. ఆఖరి రెండు నెలలు గంజి కూడా గొట్టంలోనే.

మానమని అంటే మా పెద్దలు ఒకే మాట అనేవాళ్ళు: "ఇది మన ఆచారం, పెళ్ళికీ పేరంటానికీ తాంబూలం లేకుండా ఎట్లా?" తాంబూలం ఆచారమే, కాదనను. కానీ పొగాకు ఈ దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్ళ ఓడల్లో. విశ్వనాథ నాయకుడు 1529లో మదురైలో పాలన మొదలుపెట్టి తెలుగువాళ్ళు ఈ వైగై ఒడ్డున పాలెగాళ్ళుగా, రైతులుగా, కూలీలుగా స్థిరపడుతున్న రోజుల్లో మనవాళ్ళ తాంబూలంలో ఆకూ వక్కా సున్నమే ఉన్నాయి. భాషను ఐదు వందల ఏళ్ళు కాపాడుకుంటూ వచ్చాం, బాగుంది. పొగాకును కూడా దానితో కలిపి తాతల ఆస్తి అనుకోవడం తప్పు. ఈ మాట మా కులసంఘాల పెళ్ళిళ్ళలో నేను లేచి నిలబడి చెప్పాను. కొందరు విని తాంబూలపు పళ్ళెంలోంచి పొగాకు తీసేశారు. కొందరికి కోపం వచ్చింది.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. 2016-17లో కేంద్రం చేయించిన పొగాకు సర్వేలో మన రాష్ట్రంలో పెద్దవాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. అంతకు ముందు 2009-10లో అది 16.2 శాతం, 2016-17లో 20. దేశం మొత్తం మీద తగ్గుతుంటే మన దగ్గర పెరిగింది. అదే సర్వేలో ఇంకో లెక్క నన్ను పట్టి కుదిపింది. దేశంలో పొగ తాగేవాళ్ళలో సగానికి పైగా, నమిలేవాళ్ళలో దాదాపు సగం మంది మానాలని అనుకుంటున్నారు. కానీ అంతకుముందు ఏడాదిలో ఆసుపత్రి గడప తొక్కిన నమిలేవాళ్ళలో మూడోవంతు కంటే తక్కువ మందికే అక్కడ "మానెయ్యి" అన్న మాట వినబడింది. ఆ మాట చెప్పవలసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాన్పులు, టీకాలు, బీపీ, చక్కెర రిజిస్టర్లు నింపే హడావుడిలో ఎదురుగా కూర్చున్న మనిషి బుగ్గలో ఉండ కనబడుతున్నా "మానకూడదా?" అని ఒక్క వాక్యం అనకుండా ఎంతమందిని పంపేశానో. మా ఊరి మేళం మదురై చుట్టుపక్కల పేరున్న మేళం. అందులో తెల్లవార్లూ డప్పు కొట్టే ఒకాయన నా దగ్గరికి బీపీ మాత్రలకు వచ్చేవాడు. నిద్ర రాకుండా ఉండడానికే నములుతానని తనంతట తానే చెప్పాడు. నేను మాత్రలిచ్చి పంపాను. ఆయన నాలుక కేన్సరుతో పోయాడు. ఒక్క మాటతో బతికేవాడని అనను. ఆ ఒక్క మాట నేను అనలేదు.

మానడం అంటే ఏమిటో తెలియకపోవడం వల్లే చాలామంది మూడో రోజే ఓడిపోతారు. నికోటిన్ ఆపాక మొదటి రెండు మూడు రోజులు కష్టం శిఖరానికి చేరుతుంది. కోపం, తలనొప్పి, నిద్రలేమి, ఏదో పోగొట్టుకున్నట్టు దిగులు. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. తలుపు తట్టి వచ్చే తపన ఒక్కోటి కొన్ని నిమిషాలే, ఆ నిమిషాలు గడిస్తే అదే వెళ్ళిపోతుంది. ఈ సంగతి ముందే తెలిసినవాడు మూడో రాత్రి "నాకు పిచ్చి పడుతోంది" అనుకోడు, "ఇది మూడో రాత్రి" అనుకుంటాడు. మా పిల్లవాడికి నేను ముందే చెప్పి ఉంటే వాడు నాలుగో రోజు మళ్ళీ పట్టుకునేవాడు కాదేమో.

రెండోసారి ఇద్దరం కలిసి చేశాం. ఒక తేదీ పెట్టుకున్నాం, పొంగల్ మరునాడు. ఆ పెన్నూ చార్జరూ వాడి చేతనే నా చేతికిప్పించుకున్నాను. నంబరుకు ఫోన్ చేయించాను. మదురైలో నాకు తెలిసిన డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన నికోటిన్ గమ్ రాశారు. మామూలు గమ్ లాగా నమలకూడదు దాన్ని. మెల్లగా కొరికి, నోరు చురుక్కుమనగానే బుగ్గకు ఆనించి ఉంచాలి, చురుకు తగ్గాక మళ్ళీ కొరకాలి. నోటికి పని కోసం సొంటి ముక్కలు, లవంగాలు ఒక డబ్బాలో వేసి ఇచ్చాను. ఇరవై రోజులు ప్రతి సాయంత్రం ఫోన్ చేశాను, పెద్దగా ఏమీ మాట్లాడలేదు, "ఎట్లా ఉందిరా?" అని మాత్రం అడిగేదాన్ని. పరీక్షల ముందు ఒకసారి జారాడు. మూడు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. తిట్టలేదు నేను. తేదీ మళ్ళీ పెట్టుకున్నాం. ఇప్పుడు ఐదు నెలలు దాటింది.

వాడికి నర్సు అత్త ఉంది, మంత్రిగారూ. లేనివాళ్ళ సంగతేమిటి?

మిగతా దేశాలు ఏం చేస్తున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఇంగ్లండులో సిగరెట్టు మానడానికి సాయంగా వేప్‌ను ప్రభుత్వమే ఇస్తోంది, మరోవైపు వాడి పారేసే వేప్‌లను 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. ఆస్ట్రేలియా 2024 జులై నుంచి వేప్‌ను మామూలు దుకాణాల్లోంచి తీసేసి మందుల షాపులకే పరిమితం చేసింది. ఆ దారి మనది కాదు. మన దగ్గర సిగరెట్టు ఎరగని పిల్లలు దీనితో మొదలుపెడుతున్నారు, మా ఇంట్లోనే చూశాను. కానీ ఆ దేశాలు రెండూ మానేవాడితో కూర్చుని మాట్లాడే మనిషికి జీతమిస్తున్నాయి. మనం ఒక తలుపు మూశాం, సరే. రెండో తలుపు తీయాలి కదా.

అందుకు కొత్త భవనాలు అక్కరలేదు, మీ చేతిలో ఉన్నవే చాలు. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' వల్ల ఇవాళ బీపీ మాత్రలు, చక్కెర మాత్రలు గడప దగ్గరికి వస్తున్నాయి. తెచ్చే ఆడమనిషి మా వీధిదే. ఎవరింట్లో ఎవరు నములుతారో, ఎవరు దాక్కుని తాగుతారో ఆమెకు తెలియనిది లేదు. ఆమె సంచిలో ఇంకో కాగితం పెట్టించండి. పొగాకు, బీడీ, కూల్ లిప్, వేప్, ఏది వాడుతున్నారు, మానాలని ఉందా, తేదీ ఎప్పుడు పెట్టుకుందాం? ఆ తేదీ తర్వాత మూడో రోజున ఆమె మళ్ళీ ఆ గడప తొక్కాలి. తప్పకుండా మూడో రోజునే. ఆ అదనపు పనికి అదనపు డబ్బు కూడా ఇవ్వండి, సేవ పేరుతో ఊరికే చేయించకండి.

నికోటిన్ గమ్ 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలోకి వచ్చింది. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. కానీ రోజుకూలీవాడు పొట్లం పొగాకు వదిలి గమ్ కొనుక్కోవాలంటే జేబు తడుముకోవాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పారాసెటమాల్ ఉన్నట్టు అదీ ఉండేలా చూడండి.

అన్నిటికంటే ముందు ఒక జీవో కావాలి. మానడానికి సాయం కోరి ఆసుపత్రికి, హెల్ప్‌లైనుకు, బడి కౌన్సెలరుకు వచ్చిన ఏ మనిషి పేరూ పోలీసుకు పోదని, ఆ కారణంతో ఏ విద్యార్థినీ తీసేయకూడదని మీ సంతకంతో రావాలి. చట్టంలో ఎలాగూ తాగేవాడికి శిక్ష లేదు. ఉన్నదాన్నే గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పమంటున్నాను. ఉల్లంఘనల మీద ఫిర్యాదు చేయడానికి కేంద్రం 2023లో ఒక పోర్టల్ పెట్టింది. అమ్మేవాళ్ళ మీద ఫిర్యాదులు రావలసిందే. దాని పక్కనే మానేవాళ్ళ నంబరు కూడా హాస్టల్ గోడల మీద, టౌను బస్సుల్లో, కాలేజీ ఐడీ కార్డు వెనక పడాలి. పొగాకు పెట్టె మీద ఉన్నంత పెద్ద అక్షరాల్లో.

భాష సంగతి కూడా మరిచిపోకండి. మా వాడిపట్టిలో, కోయంబత్తూరు పల్లెల్లో, తేనిలో, విరుదునగరులో లక్షలమంది వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మదురైలో సౌరాష్ట్రం మాట్లాడేవాళ్ళున్నారు, కొండల దగ్గర కన్నడం వాళ్ళున్నారు. బయటి లెక్కలన్నీ తమిళంలో చెప్పుకుంటాం. మూడో రాత్రి ఏడుపు వచ్చినప్పుడు మాత్రం అమ్మతో మాట్లాడిన భాషే నోటికొస్తుంది. గడప దగ్గరికి వచ్చే మనిషి ఆ భాష తెలిసిన మనిషైతే మంచిది.

ఈ ఉత్తరం మీకు చేరేలోపల చదివే తెలుగువాళ్ళకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరి చేతిలోనైనా అలాంటి పెన్ను కనబడితే తిట్టకండి, కొట్టకండి, బడికి చెప్పేస్తానని బెదిరించకండి. మొదటి ఇరవై రోజులు రోజుకొక్కసారి ఎట్లా ఉందని అడగండి. నంబరు 1800-11-2356. డబ్బు పడదు. తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇట్లు,
వాడిపట్టి నుంచి ఒక రిటైర్డ్ గ్రామ ఆరోగ్య నర్సు